నాయన చెవి ఇంకా రాతిలోనే ఉంది

నేను పంపిన ఫొటోకు తొమ్మిది రోజులుగా జవాబు లేదు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ముప్పై ఒక్కమంది ఉన్నాం. నన్ను తీసేస్తే ముప్పైమంది. ముప్పైమందీ చూశారు, చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. మా బావ బొటనవేలు ఎత్తాడు. ఆయన వేలు లెక్కలోకి రాదు. మా పెద్దమ్మ చనిపోయిన కబురుకు కూడా ఆయన అదే వేలు ఎత్తాడు. మా వదిన నా ఫొటో కింద రెండు గులాబీలు, ఒక శుభోదయం పెట్టింది. నా ఫొటో పైకి జరిగిపోయింది. మా అన్న అందరికంటే ముందు చూశాడు. ఏమీ అనలేదు.

ఫొటోలో ఉన్నది మా నాయన. పక్కనుంచి తీసినది. ఒక చెవి, ముక్కు, సగం నోరు కనిపిస్తాయి. ఆళ్లగడ్డలో ఒక శిల్పి మా నాయన బొమ్మ చెక్కుతూ చెవి దగ్గర ఉలి ఆపాడు. ఆ చెవి నా ఫొటోలో ఉన్నట్టు చేయాలా, మా అన్న ఇచ్చిన ఫొటోలో ఉన్నట్టు చేయాలా అన్నది బొమ్మ చేయమన్న మా అన్నే చెప్పాలి. ఒక్క మాట చాలు. ఆ మాట రాకనే ఇది రాస్తున్నాను.

ఈ చెవి సంగతి చెప్పాలంటే లెన్సుల దగ్గర మొదలుపెట్టాలి. లెన్సు అనగానే మా ఇంట్లో అందరూ ఏదో పని గుర్తొచ్చి లేచిపోతారు. చదివేవాళ్లు లేచిపోయినా నాకు కనపడదు కాబట్టి ఇక్కడ ధైర్యంగా చెబుతాను.

నేను నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెబుతాను. మా పాప ఒకటో తరగతిలో చేరిన ఏడు కెమెరా కొన్నాను. దానికి పదకొండేళ్లయింది. కొన్న షాపులో అందరూ పెళ్లి ఫొటోలు తీసేవాళ్లే. షాపాయన నన్ను కిందినుంచి పైకి చూసి అడిగాడు.

"పెండ్లిండ్లకా సార్?"

"కాదు. ఇంటికి."

"ఇంట్లో పెండ్లా?"

"ఇంట్లో ఏమీ లేదప్పా. ఉత్త రోజులకే. పిల్లలు, పెద్దోళ్లు."

"ఉత్త రోజులకు కెమెరా యాల సార్? ఫోన్ ల్యా మీకు?"

అని, నన్ను పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చినవాళ్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక వచ్చిన ముగ్గురు పెళ్లి ఫొటోగ్రాఫర్లతో మాట్లాడాడు. నలభై నిమిషాలు. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. ఇప్పటికీ ఆ షాపు ముందునుంచి పోతే నా నడుము ఒక పక్కకు వంగుతుంది.

కెమెరాతోపాటు ఒక లెన్సు ఇచ్చాడు. దగ్గరికి లాగొచ్చు, దూరం చేయొచ్చు. దాని మీద పద్దెనిమిది నుంచి యాభై ఐదు వరకు అంకెలుంటాయి. అంకె చిన్నదైతే ఎక్కువ జాగా కనిపిస్తుంది, పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరికొస్తుంది. ఇంతకంటే ఎవరికీ తెలియనవసరం లేదు, ఇంత మాత్రం ప్రతివాళ్లకూ తెలియాలి. ఆ లెన్సు అన్ని పనులూ చేస్తుంది, ఏ పనీ పూర్తిగా చేయదు. మా కోచింగ్ సెంటరులో కూడా అలాంటివాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకే జీతం పెరుగుతుంది. ఇంట్లో ట్యూబులైటు వెలుతురుకు పిల్లలు పొగలా వచ్చేవాళ్లు. "ఇది ఎవరి చెయ్యి?" అని వెతుక్కునేవాళ్లం.

రెండో లెన్సు పది అంకెది. చాలా వెడల్పుగా చూస్తుంది. బెలుం గుహలకు పోయినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. ఎందుకంటే అక్కడ ఫొటోలో ఉన్నవి రాళ్లు. రాళ్లు తమ ఫొటో చూసుకుని అలగవు. ఆ ధైర్యంతో దాన్ని ఆళ్లగడ్డలో మా అన్న గృహప్రవేశానికి తీసుకుపోయాను. హాలులో ఇరవై ఆరుగురిని నిలబెట్టి ఒకే ఫొటోలో పట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో చూశాక ఆగిపోయాయి.

ఆ లెన్సుతో వచ్చే చిక్కు ఏమిటంటే, నడుమ ఉన్నవాళ్లు మామూలుగానే వస్తారు, అంచున ఉన్నవాళ్లను పక్కకు లాగుతుంది. గుండ్రటి మొహం కోడిగుడ్డులా అవుతుంది, సన్నటి చెయ్యి దిండులా అవుతుంది. మా ఇళ్లల్లో నడుమ కుర్చీలు పెద్దవాళ్లకు. వాళ్ల వెనక అల్లుళ్లు. కోడళ్లు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ ఆఖరుకు వస్తారు కాబట్టి వాళ్లకు మిగిలేది అంచులే. అంటే లెన్సు తయారుచేసిన దేశం వాళ్లకు తెలియకుండానే, మా ఇంటి కోడళ్లను మాత్రమే ఎంచి లావు చేసే లెన్సు అది.

మా వదిన ఫొటోను దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా పెట్టి చూసింది.

"అందురూ బాగుండారు. నేనొక్కదాన్నే ఇట్ల ఉండానా?"

"వదినా, అంచున ఎవరు నిలబడినా అట్లే వస్తారు. ఆ పక్క అంచున నా భార్య కూడా అట్లే ఉంది చూడు."

అది నేను చేసిన తప్పు. అప్పటిదాకా నాతో మాట్లాడనిది ఒక్కరే. ఆ మాటతో ఇద్దరయ్యారు.

తరువాతి శుభకార్యానికి ముందుచూపుతో సన్నగా ఉన్న మా బావను అంచున నిలబడమన్నాను. ఆయన కదలలేదు. "అల్లుణ్ణి తీసకపోయి అంచున నిలబెడ్తావా? ఏందప్పా నీ మర్యాద?" అన్నాడు. ఆ రోజుల్లో ఇంకా బొటనవేలు కనిపెట్టలేదు, నోటితోనే మాట్లాడేవాడు. పది అంకె లెన్సు పెట్టెలోకి పోయింది. లెన్సులో లోపం లేదు. మేం నిలబడే వరసకు తగినది కాదు, అంతే.

మూడోది యాభై. దీనికి లాగడాలు, తోయడాలు లేవు. ఎంత కనిపించాలో దానికి తగ్గట్టు మనమే ముందుకో వెనక్కో నడవాలి. తక్కువ వెలుతురులో కూడా మనిషి మొహం చక్కగా పడుతుంది. ఇంటికి ఒకే లెన్సు కొనుక్కుంటానని ఎవరైనా అడిగితే (ఎవరూ అడగలేదు) నేను చెప్పేది ఇదే. దీనికున్న ఇబ్బంది ఒక్కటే. ఒక మనిషి రావాలంటే ఐదారు అడుగులు వెనక్కి జరగాలి. పన్నెండుమంది రావాలంటే ముప్పై అడుగులు. మా అన్న హాలు పద్నాలుగు అడుగులు.

నేను హాలులోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి, మెట్ల మీదినుంచి వీధిలోకి జరిగాను. లోపల పన్నెండుమంది పట్టుచీరలు, పట్టుపంచెలతో నవ్వుతూ నిలబడ్డారు. బయట నేను ఒంటి కంటితో వాళ్లను చూస్తూ నిలబడ్డాను. నాకూ గుమ్మానికీ నడుమ ఒక ఆటో, రెండు బర్రెలు పోయాయి. ఎదురింటాయన చాలాసేపు చూసి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమప్పా, లోపలికి రానీల్యా నిన్ను?"

ఆ మాట లోపలివాళ్లకు వినపడింది. పన్నెండుమందీ నవ్వారు. మా ఇంట్లో నేను తీసిన ఫొటోల్లో అందరూ నిజంగా నవ్వింది ఆ ఒక్కదానిలోనే. అదే ఇప్పుడు మా అన్న హాలులో పెద్ద ఫ్రేములో ఉంది. దాని కింద ఎవరు తీశారో లేదు.

ఇన్నేళ్లలో ఆల్బములు ఐదు అయ్యాయి. ఐదింటిలో ఎక్కడా నేను లేను. కెమెరా నా మెడలో ఉంటే నేను ఫొటోలో ఎట్లా ఉంటాను? ఇది మా కోచింగ్ సెంటరులో అందరికంటే వెనకబెంచీ పిల్లవాడికి కూడా అర్థమయ్యే లెక్క. మా మేనత్తకు అర్థం కాలేదు. ఒక నిశ్చితార్థంలో నలుగురి ముందు నన్ను పట్టుకుని, "నువ్వు ఏ కార్యానికీ రావు. అన్న గృహప్రవేశానికి కూడా రాల్యా. ఫొటోల్లో యాడా లేవు" అంది. నేను మెడలో కెమెరా చూపించాను. "ఇప్పుడొచ్చినావులే" అంది.

ఇవన్నీ నేను మరచిపోలేదు. కానీ వీటి కోసం అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

మా నాయన బస్సు కండక్టరు. నంద్యాల, ఆళ్లగడ్డ నడుమ ఆయన ఎన్నిసార్లు తిరిగాడో ఆయనకే తెలియదు. టికెట్లు కొట్టే రోజుల్లో ఆయన పెన్ను ఎప్పుడూ చెవిలో ఉండేది. జేబులో పెట్టినా, చేతిలో పెట్టినా పోయేది, చెవిలో పెడితే పోయేది కాదు. అంత పెద్ద చెవులు. తలకు రెండు పక్కలా కొంచెం ముందుకు వంగి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఉండేవి. రిటైరయ్యాక కూడా బస్సు ఎక్కితే సీట్లో కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టేవాడు.

కంటి శుక్లాలకు చూపించుకోవడానికి నంద్యాల వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నాడు. ఆపరేషను తరువాతి నెలలో అన్నారు. చలికాలం పొద్దున బస్సుకు ఆయన్ను తీసుకుని ఆళ్లగడ్డ బయలుదేరాను. కుడివైపు కిటికీ దగ్గర ఆయన కూర్చున్నాడు. పక్కపక్కన కూర్చుంటే యాభై లెన్సు పనిచేయదు కాబట్టి నేను ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు ఖాళీగానే ఉంది. కండక్టరు నన్ను చూసి, "పెద్దాయనతో తగాదానా సార్?" అన్నాడు.

శిరివెళ్ల దాటాక రోడ్డు తిరిగి, డ్రైవరు ముందున్న అద్దంలోంచి ఎండ నేరుగా లోపలికి వచ్చింది. నాయన రెండు చేతులూ ముందు సీటు కమ్మీ మీద పెట్టి రోడ్డునే చూస్తున్నాడు. ఎండ ఆయన చెవి మీద పడింది. చెవి అంచు మొత్తం ఎర్రగా వెలిగింది. ఒక్కటే తీశాను. ఆయనకు తెలియదు.

ఇంటికి పోయి చూపించాను. అన్న నా చేతిలోంచి కెమెరా తీసుకుని చూసి, "ఏందిరా ఇది? స్టేషన్లో దొంగల్ని తీసినట్ల తీసినావు?" అన్నాడు. మా వదిన, "సగం మొగం ఫొటో ఇంట్లో ఉండగూడదంటారు. ఒక్క కన్నే ఉండాది, సూడు" అంది. మా వైపు ఫొటో అంటే రెండు కళ్లు, రెండు చెవులు, చొక్కాకు ఉన్న బొత్తాములన్నీ కనపడాలి. తగ్గితే ఫొటోగ్రాఫరు ఏదో మిగుల్చుకున్నట్టు చూస్తారు. నేను కెమెరా సంచిలో పెట్టేశాను.

ఆపరేషను అయింది. కట్టు విప్పిన నాలుగైదు రోజులకు నేను మళ్లీ ఆళ్లగడ్డ పోయాను. అన్న హాలులో సోఫాలో క్రికెట్టు చూస్తున్నాడు. నాయన కొత్త కన్నుతో గోడ మీది క్యాలెండరు అక్షరాలు ఒక్కొక్కటే చదువుతున్నాడు. ఆయన చూపు ఎట్లా ఉందో చూద్దామని కెమెరాలో ఆ ఫొటో పెట్టి ఇచ్చాను.

"ఎవర్రా ఈయప్ప?" అన్నాడు.

"నువ్వే నాయనా."

"నేనా?" అని చాలాసేపు చూశాడు. చెయ్యెత్తి తన చెవి తడుముకున్నాడు. మళ్లీ చూశాడు. "ఇది నా చెవి కాదురా. మా నాయనది."

మా తాతకు ఫొటో లేదు. ఒక్కటి కూడా లేదు. మా నాయన బడికి పోయే వయసులోనే ఆయన పోయాడు. మొహం గుర్తు లేదని మా నాయన ఎప్పుడూ అనేవాడు.

"ఎద్దులబండిలో పక్కన కూసునేవాణ్ణి. నాకు మా నాయన మొగం యాడ కనపడ్తాది, చెవే కనపడేది. పొద్దున ఎండ పడితే ఇట్లే ఎర్రగ ఉండేది." కెమెరాను ఒడిలో పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లు నా మీదనే పెట్టుకోని తిరిగినా, తెల్ల్యా. అద్దంలో పక్క కనపడదు కద."

అన్న సోఫాలోనే ఉన్నాడు. ఆరడుగుల దూరం. ఎవరో అవుటయ్యాడు, అన్న "ఛా" అన్నాడు. ఆ "ఛా" నాకు ఇప్పటికీ గుర్తుంది.

పోయిన ఏడు నాయన పోయాడు. పొలంలో సమాధి కట్టించారు. ఏడాది తిరిగేలోగా సమాధి మీద రాతిబొమ్మ పెట్టాలని అన్న అనుకున్నాడు. మంచి ఆలోచన, ఆ మాట నేను అందరిలో ఒప్పుకుంటాను. గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు: "నాయనవి మంచి ఫొటోలు ఉంటే అందరూ పంపండి."

అందరూ. పదకొండేళ్లు ఆ ఇంటి ఫొటోలన్నీ తీసినవాణ్ణి, వీధిలో బర్రెల నడుమ నిలబడి తీసినవాణ్ణి, నేను "అందరూ"లో ఒకణ్ణా? విడిగా ఒక ఫోను చేయడానికి ఎంతసేపు? నేను ఎదురుచూశాను. ఇరవై రోజులు చూశాను. ఫోను రాలేదు. నేనూ పంపలేదు.

మా అన్న తన ఫోనులో వెతికి నాయనతో దిగిన సెల్ఫీ ఒకటి తీసి, తన మొహం కత్తిరించి శిల్పికి ఇచ్చాడు. ఆ సంగతి నాకు గ్రూపులో కూడా తెలియలేదు. రోడ్డు మీద తెలిసింది.

ఆళ్లగడ్డలో బొమ్మలు చెక్కే చోట్లు రోడ్డు పక్కనే ఉంటాయి. దేవుళ్లు, నాయకులు, ఏనుగులు, ఇంకా ఎవరూ కాని రాళ్లు అన్నీ ఒకే వరసలో దుమ్ములో నిలబడి ఉంటాయి. ఒక పెళ్లికి పోయి బస్టాండుకు నడిచి వస్తుంటే ఒక చోట తాడుకు ప్లాస్టిక్ కవరులో వేలాడుతున్న ఫొటో కనిపించింది. మా నాయన గళ్ల చొక్కా. పక్కన మా అన్న భుజం ముక్క. దాని కింద నల్లరాతి తల. చొక్కా చూసి గుర్తుపట్టాను గానీ తలను చూసి కాదు. ముక్కు దుంపలా ఉంది. చెవులు చెంపల వెనక నక్కినట్టు, గుర్తుకు రెండు గీతలు.

శిల్పి నా ఈడువాడే. తలకు తువ్వాలు చుట్టుకుని టీ తాగుతున్నాడు.

"ఎవరిదన్నా ఈ బొమ్మ?"

"కండక్టరుగా చేసి రిటైరైన ఆయప్పదంట. కొడుకు ఇచ్చినాడు ఫొటో."

"ఏ కొడుకు?"

"ఏమో సార్. ఒకడే కొడుకు అనుకుంటి."

ఈ మాట ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇంకా తెలియలేదు. ప్రస్తుతానికి స్టూలు పక్కన పెట్టాను.

"నేను రెండోవాణ్ణి. ముక్కు ఇంత పెద్దగా ఎందుకు చేసినావు?"

అతను కోపగించుకోలేదు. కొలిచే కంపాసు తీసి ఫొటో మీద ముక్కును, తరువాత చెంపను, చెవిని కొలిచి చూపించాడు. "ఫొటోలో ఎట్లుంటే అట్ల చేసినా. ఎంట్రుకంత తేడా ఉంటే చెప్పు."

తేడా లేదు. అతని పని తప్పు కాదు. సెల్ఫీ చేతి దూరంలో తీస్తాం. ఫోను లెన్సు వెడల్పుగా చూసేది, కాబట్టి మొహం దగ్గరికి తెచ్చుకుంటాం. అంత దగ్గరలో ముక్కు లెన్సు మీదికే వస్తుంది, చెవి వెనకెక్కడో ఉంటుంది. దగ్గరున్నది ఉబ్బుతుంది, దూరమున్నది కుంగుతుంది. మనుషుల్ని ఉన్నట్టు చూడాలంటే ఐదారు అడుగులు వెనక్కి పోవాలి. నా యాభై లెన్సు నన్ను బలవంతంగా వెనక్కి పంపుతుంది, దాని గొప్ప అంతే. ఇదంతా చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టి మొత్తం విన్నాడు.

"అవునవును. మాకూ ఉండాది ఆ లెక్క. గోపురం పైన పెట్టే బొమ్మలకు తలకాయలు పెద్దవి చేస్తాం. కిందినుంచి సూసేటోళ్లకు సరిపోతాది. అదే కద నువ్వు చెప్పేది?"

పదకొండేళ్లలో నా మాట నడుమ లేచిపోకుండా విన్న మొదటి మనిషి. నేను ఫోనులో నాయన ఫొటో చూపించాను. అతను రెండు వేళ్లతో చెవిని పెద్దది చేసి చూశాడు. లేచి రాతి పక్కకు పోయి, రాతిని చూసి, మళ్లీ ఫోను చూశాడు.

"సైడు ఫొటో ల్యాకనే నేను నా మనసుకు తోచినట్ల చేసినా. ఎవురింట్లోనూ సైడు ఫొటో ఉండదు. ఇది ముందే యాల ఇయ్యలేదు?"

"నన్ను అడగలేదు."

"అడగల్యా?" నా మొహంలోకి చూశాడు. "నాయన బొమ్మకు అడగాల్నా సార్?"

నేను ఫోను జేబులో పెట్టుకుని రాతి వైపు తిరిగాను.

రాయి అతని చేతిలో ఇంకా మిగిలి ఉంది. రాతిలో తీసేయడమే గానీ అతికించడం ఉండదని, మా అన్న ఫొటో పుణ్యమా అని ముక్కు పెద్దదిగా ఉండటమే మంచిదయిందని చెప్పాడు. ముక్కు చెక్కేయొచ్చు. చెవికి కూడా దారి ఉంది. "చెంప దించితే చెవి లేస్తాది" అని ఉలి వెనకవైపుతో రాతి మీద గీత గీసి చూపించాడు. ఆ గీతలో నాకు పెన్ను పెట్టే జాగా కనిపించింది.

"అయితే చెయ్యి అన్నా."

"ఒప్పుకున్నేది ఆ ఫొటోకు. చేయమన్నోడు మీయన్న. ఆయప్ప ఒక మాట చెప్పాల. అందాక చెవి జోలికి పోను, భుజాలు చేసుకుంటాంటా. భుజాలు అయిపోతే ఇంగ ఆపలేను సార్, ఏడాది దినం దగ్గరికొస్తాంది."

ఆ సాయంత్రమే గ్రూపులో ఫొటో పంపాను. కింద వివరంగా రాశాను. వివరం పొడుగైందని నా భార్య అంటుంది. లెన్సు సంగతి చెప్పకుండా ముక్కు సంగతి ఎట్లా చెప్పాలో ఆమె చెప్పలేదు. మొదటి వాక్యంలోనే "అన్నా, అవునో కాదో చెప్పు" అని రాసి ఉంటే బాగుండేదేమో. అది పదిహేడో వాక్యంలో ఉంది.

నేరుగా ఫోను చేయొచ్చు కదా అంటారు. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ మా వదినే ఎత్తింది. మొదటిసారి "మీయన్న స్నానం చేస్తాండాడు" అంది. రెండోసారి "తింటాండాడు" అని, పెట్టేయకుండా ఆగింది.

"ముక్కు గురించేనా?"

"ముక్కు, చెవి రెండూ వదినా."

"ముక్కు రవ్వంత పెద్దదైతే ఏమైతాది అబ్బీ? పొలంలో ఎవరు సూస్తారు? నన్ను అంత లావు చేసి హాల్లో అందరికీ చూపించినప్పుడు నేనేమన్నా రాయి ఆపిచ్చినానా?"

ఏడేళ్లయింది ఆ ఫొటో తీసి. ఈ ఇంట్లో ఏదీ మరచిపోనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. తన మొహం తనది కాకుండా నలుగురి కళ్లలో పడితే ఎట్లా ఉంటుందో ఆమెకు నాకంటే ముందే తెలుసు.

కాబట్టి ముందు ఇది చెబుతాను. వదినా, ఆ ఫొటోలో నువ్వు లావుగా లేవు. అంచున నిలబెట్టింది నేను. ఏ లెన్సు వేస్తున్నానో తెలిసీ నిలబెట్టాను, ఇరవై ఆరుగురూ ఒకే ఫొటోలో పట్టారనిపించుకోవాలని. తప్పు నాది. ఈ మాట రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది, మళ్లీ అడగకు.

ఇక మా అన్నకు. అన్నా, నీ సెల్ఫీలో నాయన నవ్వుతున్నాడు. నీ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. నా ఫొటోలో నవ్వడం లేదు. అది నాకు తెలుసు, ఆ నవ్వు నా దగ్గర ఏ లెన్సులోనూ లేదు. నవ్వు నీ ఫొటోలోదే ఉంచమని శిల్పితో నేనే చెబుతాను. నేను అడిగేది ముక్కు, చెవి. మన పిల్లలు రేపు పొలానికి పోయి ఆ రాతిని చూసి తాతను గుర్తుపెట్టుకుంటారు. ఆ చెవి నాయనది మాత్రమే కాదు. ఫొటో లేని తాతది కూడా. ఆ రోజు సోఫాలో నువ్వు విన్నావా, వినలేదా? ఇది కూడా చెప్పు.

నిన్న శిల్పి ఫోను చేశాడు. ఎడమ భుజం అయిపోయింది. కుడి భుజం మూడు రోజుల పని.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మీ ఇంటి ముందు వీధిలో నిలబడతాను, నాకు అలవాటైన చోటే. లోపలికి రమ్మంటే వస్తాను, రమ్మనకపోతే అక్కడినుంచే వింటాను. ఎదురింటాయన ఏమైనా అడిగితే ఆయనకు నేను చెప్పుకుంటాను. నువ్వు స్నానం చేస్తున్నా, తింటున్నా గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట చెప్పు. చెంప దించి చెవి లేపమందామా, వద్దా? నోటితో చెప్పు అన్నా. బొటనవేలు వద్దు.